కస్తూరి నడక

పొయ్యి మీద పాలు పొంగే వేళకి ఎదురింటి చలపతి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సత్యవేణి విసుక్కుంటూ మంట తగ్గించి ముందు గదిలోకి వెళ్ళింది. కూర్చోమంటే అతను కూర్చోలేదు. ఆమె మావగారు సన్యాసిరావు కొన్నాళ్ళుగా రోడ్డు మీద తనని చూసినప్పుడల్లా తల ఎగరేస్తున్నాడట. ఒకసారైతే ఊరుకునేవాడే, అడుగడుక్కీ ఎగరేస్తున్నాడట. కాలనీ సంఘం ఎన్నికల్లో ఓడిపోయినంత మాత్రాన మనిషి అంత లోకువైపోతాడా అని కనుక్కుని పోదామని వచ్చాడు.

సన్యాసిరావు లోపలి గదిలోంచి అంతా విన్నాడు. "నానేటి సేసినానమ్మా? నా నడక నాను నడుస్తన్నాను. ఆడికేటి బాధ?" అన్నాడు, చలపతికి వినబడేలాగే.

సత్యవేణి ఇద్దరికీ సర్దిచెప్పి, చలపతికి కాఫీ పోసి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. పాలు ఎలాగూ పొంగిపోయాయి. మావగారు నడవలేని రోజుల్లో ఇంట్లో ఒక్క బాధే ఉండేది. నడక వచ్చాక వీధి వీధంతా బాధలు తెచ్చిపెడుతున్నాడు.

ఆయన విశాఖ పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయాక కుర్చీకే అతుక్కుపోయాడు. మందులూ వ్యాయామాలూ చెయ్యిని కాస్త కదిలించాయి కానీ కాలిని కదిలించలేకపోయాయి. సత్యవేణి మెకానికల్ ఇంజనీరు. భర్త వరహాలరావు ఆమెతో పాటు చదువుకున్నవాడే. ఇద్దరూ కలిసి కొమ్మాది దగ్గర ఒక షెడ్డులో వ్యాయామ పరికరాలు తయారుచేసేవారు. మావగారి కోసమే ఆమె గుర్రంలా ఊగే వ్యాయామ మెషీను ఒకటి తయారుచేసింది. మొదటిసారి ఆయన కుర్చీ వదిలి గోడ పట్టుకుని వంటింటి దాకా వచ్చిన రోజు ఆమె చేతిలో గరిట పట్టుకునే ఏడ్చేసింది. అందుకే ఆయన ఎన్ని తగాదాలు తెచ్చినా గట్టిగా ఒక మాట అనలేకపోతోంది.

ఆ వేళ ఆయన వీధిలోకి వెళ్తుంటే వెనకనుంచి చూసింది. ఎడమ కాలు నేలకి ఆనిన ప్రతిసారీ గడ్డం పైకి లేచింది. కుడి కాలు ఆనినప్పుడు దిగింది. మళ్ళీ ఎడమకి లేచింది. చలపతి అన్నదాంట్లో అబద్ధం లేదు.

షెడ్డుకి వెళ్ళేసరికి సుభాషిణి టీచరు ఎదురుచూస్తోంది. మోకాళ్ళ నొప్పులతో వచ్చిన ఆవిడ మెషీను మొదలుపెట్టాక మెట్లు ఎక్కగలుగుతోంది. సత్యవేణి ఆవిడని జీను మీద కూర్చోబెట్టి, చెవుల వెనక రెండు చిన్న బిళ్ళలు అంటించి మీట నొక్కింది. జీను కదిలింది. బజారులో దొరికే గుర్రం మెషీన్లు మనిషిని మిక్సీలో పప్పులా కుదిపి దింపేస్తాయి. దిగిన మరుక్షణం ఒళ్ళు అదంతా మర్చిపోతుంది. సత్యవేణి మెషీను అలా కాదు. నిజం గుర్రం ఒంటికి తీగలు కట్టి, దాని కదలికలు కొలిచి ఎక్కించుకున్న నడక అది. లోపలి చెవిలో మనిషిని నిలబెట్టే సూక్ష్మమైన తూనిక ఒకటి ఉంటుంది. బిళ్ళలు దాన్ని మెల్లగా కదుపుతుంటే, తాను నిజంగానే గుర్రం మీద ఉన్నానని ఒళ్ళు నమ్మేస్తుంది. నమ్మి, ఆ ఊగును తనదిగా చేసుకుంటుంది. ఏళ్ళ తరబడి స్వారీ చేస్తే తప్ప రాని నిలకడ కొద్ది వారాల్లో వచ్చేస్తుంది. కళ్ళు మూసుకుని ఊగుతున్న సుభాషిణి టీచరు ముఖంలో పల్లకీ ఎక్కినంత హాయి కనబడింది.

దిగాక ఆవిడ చెప్పుల దాకా నడిచింది. ఎడమ కాలు ఆనగానే గడ్డం లేచింది.

సత్యవేణి ఉండబట్టలేక అడిగేసింది. టీచరు నొచ్చుకుంది. మొన్న మేనల్లుడి నిశ్చితార్థంలో పెళ్ళికూతురి తరఫువాళ్ళు కూడా ఇలాగే అనుకున్నారట. సంబంధం ఆవిడకి నచ్చలేదనీ, అందుకే హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ముఖం ఎగరేస్తోందనీ పెద్ద గొడవ. తనకలాంటి అలవాటు పుట్టి బుద్ధెరిగాక లేదంది.

ఆ రోజు వచ్చిన ప్రతి ఒక్కరినీ సత్యవేణి అడుగు బరువును కొలిచే పట్టా మీద నడిపించింది. పాత వ్యాయామ పరికరాలు వాడినవాళ్ళ అడుగులు ఎవరివి వాళ్ళవి. గుర్రం మెషీను వాడినవాళ్ళందరివీ ఒక్క తల్లి పిల్లల అడుగుల్లా ఉన్నాయి. ఎడమ కాలి మీద బరువు పడీ పడకముందే కుడి కాలు ఆత్రంగా అందుకుంటోంది.

వరహాలరావుతో చెబుదామంటే అతను ఫోను వదల్లేదు. నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు తమ పేషెంట్ల కోసం ఈ మెషీన్లు పెట్టే ఆలోచనలో ఉన్నారు. వాళ్ళ ముందు ప్రదర్శనకి నాన్ననే నడిపించాలని అతని ఏర్పాటు. చివరికి ఫోను పెట్టి ఆమె చెప్పింది విన్నాడు. విని, నవ్వాడు. అది లోపం కాదు, ఆత్మవిశ్వాసం అన్నాడు. గోడకి ఆనించిన కొత్త బోర్డు ఇటు తిప్పి చూపించాడు. దాని మీద సన్యాసిరావు బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో 'తలెత్తుకు నడవండి' అని ఉంది.

సత్యవేణికి ఆ బోర్డు తీసి అతని నెత్తిన కొట్టాలన్నంత విసుగు వచ్చింది. కారు తాళాలు తీసుకుని బయల్దేరింది.

ఆ నడక కస్తూరి అనే ఆడగుర్రానిది. భీమిలి దారిలో సరుగుడు తోటల వెనక డాక్టర్ పర్వీన్ స్వారీ బడి నడుపుతోంది. పశువుల డాక్టరుగా చాలాకాలం పనిచేసి, గుర్రాల మీద ప్రేమకొద్దీ ఇటు వచ్చేసిన మనిషి. మెషీను తయారుచేసేటప్పుడు ఆమె గుర్రాలు కొన్నింటికి తీగలు కట్టుకోనిచ్చింది. ఆ నడకలు మెషీనులో పెట్టి చూస్తే, ఎక్కినవాళ్ళంతా కస్తూరి నడకే బాగుందన్నారు. మిగతావి రోడ్డు మీద బండిలా ఉన్నాయనీ, దీనిలో ఒక ఊయల ఉందనీ మెచ్చుకున్నారు. అలా అది ఖాయమైంది.

సత్యవేణి గేటు తీసుకుని ఇసుక దారిలో నడిచి వస్తుంటే పర్వీన్ నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి చూస్తోంది. పలకరింపు కూడా లేకుండా, "మీ ఎడమ కాలికి ఏమైంది?" అని అడిగింది.

ఏమీ కాలేదంది సత్యవేణి.

"మరి తల ఎందుకెగరేస్తున్నారు?"

సత్యవేణి ఉన్నచోటే ఆగిపోయింది. మెషీను తయారవుతున్నన్నాళ్ళూ అందరికంటే ఎక్కువ దాని మీద కూర్చున్నది తనే. ఇంతకాలం మావగారి గడ్డం, టీచరు గడ్డం చూసింది కానీ తన గడ్డం తనకెలా కనబడుతుంది? మెషీను సంగతంతా చెప్పేసరికి పర్వీన్ ముఖంలో నవ్వు పోయింది. ముందు కాలు నొప్పి పెట్టే గుర్రం ఆ కాలు నేలకి ఆనించేటప్పుడు తల పైకెత్తుతుందట. ఒంటి బరువు దాని మీద పడకుండా ఎగలాక్కోవడం అది. గుర్రాల దగ్గర పనిచేసేవాళ్ళు కుంటును ముందు తలలోనే చూస్తారు, కాలిలో కాదు.

కస్తూరిని తెప్పించి గట్టి నేల మీద పరుగెత్తించారు. ఇప్పుడు చూడటానికి డాక్టరే అక్కర్లేదు. ఎడమ ముందు గిట్ట నేలని తాకిన ప్రతిసారీ తల అంతెత్తున లేచింది. పర్వీన్ ఆ గిట్ట ఎత్తి మడమ వైపు పట్టకారుతో నొక్కితే కాలు విదిలించుకుంది. లోపల ఉండే చిన్న ఎముక అరిగిపోతోందనీ, ఈ మధ్యే బయటపడిందనీ, మడమ ఎత్తుగా ఉండే నాడా వేయిస్తున్నాననీ పర్వీన్ చెప్పింది. కాలు దించి, చేతులు దులుపుకుంది.

"మా కళ్ళకి కనబడడానికి ఇంతకాలం పట్టింది. మీ తీగలకి అప్పుడే తెలిసింది. తెలిసిన దాన్ని మీరేం చేశారు?"

"నడక బాగుందన్నారు అందరూ. అదే మెషీన్లో పెట్టాం," అంది సత్యవేణి.

 పర్వీన్ గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. ఊయలలా ఉందని జనం కళ్ళు మూసుకుని మురిసిపోయింది ఒక మూగజీవి నొప్పికి.

ఇంజనీరు కనుక సత్యవేణి మొదట ఇంజనీరులాగే ఆలోచించింది. నడక చెడితే నడక మార్చేస్తే సరి. పర్వీన్ దగ్గరే భీముడు అనే మగగుర్రం నిండు ఆరోగ్యంతో ఉంది. దాని నడక ఎక్కించి ముందు తనమీదే ప్రయత్నించింది. మెషీను దిగాక గుమ్మం దాటబోయి తలుపుకి గుద్దుకుంది. తర్వాత కొన్ని రోజులు రెండు గుర్రాలు ఆమె ఒంట్లో పోట్లాడుకున్నాయి. వంటింట్లోకి వెళ్దామని బయల్దేరితే పక్క గదిలో తేలేది. చివరికి కస్తూరే గెలిచింది. గడ్డం మునుపటికంటే ఇంకాస్త పైకి లేవడం మొదలుపెట్టింది.

ఈలోగా సన్యాసిరావు కుడి మోకాలు వాచింది. డాక్టరు ఎక్స్‌రే తీయించి, మంచి కాలు అరిగిపోతోందని చెప్పాడు. రెండు కాళ్ళ పనీ అదే చేస్తోందట. ఇలాగే నడిస్తే కొన్నాళ్ళకి ఆ కాలూ పనికిరాదన్నాడు.

ఆ సాయంత్రం సత్యవేణి భర్తతో తేల్చి చెప్పింది. మెషీన్లన్నీ ఆపాలి, వాడినవాళ్ళందరికీ సంగతి చెప్పాలి. వరహాలరావు మొదట నచ్చజెప్పాడు, తర్వాత కోప్పడ్డాడు. మోకాలు ముసలితనంతో వాచిందన్నాడు, డాక్టర్లు అలాగే భయపెడతారన్నాడు. అన్నీ అయిపోయాక మాత్రం గొంతు తగ్గించి అడిగాడు.

"నాన్నని మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెడతావా సత్యా? నువ్వే?"

 అతను అమ్మకాల కోసమే మాట్లాడుతున్నాడని అనుకోవడం తేలిక. కానీ అతనికి నిద్రలో కూడా ఆ కుర్చీయే కనబడుతుందని ఆమెకి తెలుసు.

మర్నాడు మావగారితోనే చెప్పింది. ఆయన చివరిదాకా విని, తనకి ఆ మెషీనే చాలన్నాడు. కుంటితే కుంటుతాను, నడుస్తున్నాను కదా అన్నాడు. ఇంట్లో ఉన్న మెషీను ఎక్కడానికి వెళ్ళేసరికి చెవి బిళ్ళలు లేవు. సత్యవేణి వాటిని చేతిసంచీలో వేసుకుని షెడ్డుకి పోయి, అక్కడి మెషీన్లు కూడా ఆపేసింది. అప్పటినుంచి ఆయన కోడలితో మాట్లాడటం మానేశాడు. ఏం కావాలన్నా టీవీతో చెప్పేవాడు. ఈ ఇంట్లో కొందరు ముసలోళ్ళకి మజ్జిగ కూడా పొయ్యరని టీవీకి చెబితే, సత్యవేణి పళ్ళు కొరుక్కుంటూ మజ్జిగ తెచ్చిపెట్టేది. తెల్లవారితే వరహాలరావు మౌనం, పొద్దెక్కితే మావగారి టీవీ కబుర్లు, షెడ్డులో ఫోను తీస్తే మెషీను ఎందుకాపారని తిట్లు. సుభాషిణి టీచరైతే, నా మేనల్లుడి పెళ్ళి మీవల్లే తప్పిపోయేదని ఒక రోజూ, నా మెషీను నాకు పెట్టండని ఇంకో రోజూ ఫోను చేసేది.

దారి చూపింది పర్వీనే. మెషీను మీద నేర్చుకున్నదాన్ని మెషీను పోగొట్టలేదంది. మెషీను మీద మీరెలా కూర్చున్నా అది మిమ్మల్ని మోస్తుంది. వంకరగా కూర్చుంటే వంకరనే మోస్తుంది. గుర్రం మొయ్యదు. రమ్మంది.

సత్యవేణి భీముడి మీదికి ఎక్కింది. తనకి స్వారీ వచ్చనే అనుకుంది, అన్ని నెలలు జీను మీద కూర్చున్న మనిషి. భీముడు కదల్లేదు. మడమలతో తడితే చెవులు వెనక్కి పెట్టాడు. చివరికి కదిలి, గుండ్రంగా కుడి వైపే తిరిగి తిరిగి, సరుగుడు చెట్టు కింద గడ్డి దగ్గర ఆగాడు. కళ్ళెం లాగితే ఇంకాస్త గడ్డి నోట కరుచుకున్నాడు. ఇది మొండి గుర్రమని ఆమె అరిస్తే, అది మీరు చెప్పిందే చేస్తోందని పర్వీన్ కంచె మీద కూర్చుని జవాబిచ్చింది. మీ బరువంతా కుడి తుంటి మీద ఉంది, కుడికి తిరగమంటున్నారు, తిరుగుతోంది. ఎడమ తుంటి మీద కూర్చోండి.

కూర్చోవడానికి ఆమెకి వారాలు పట్టింది. వెళ్ళిన ప్రతిసారీ ఇదే ఆఖరనుకుంటూ తిరిగి వచ్చేది. ఇసుకలో పడింది, ఒళ్ళు హూనమైంది, గుర్రం పేడ వాసన కారుకి పట్టేసింది. ఒకరోజు మాత్రం భీముడు చెప్పకుండానే తిన్నగా నడిచాడు. దిగి గేటు దాకా వెళ్ళేసరికి పర్వీన్ వెనకనుంచి, తల దిగిందని కేకేసి చెప్పింది. సత్యవేణికి సంతోషించే ఓపిక కూడా లేదు. మావగారిని ఇక్కడికి ఎలా తేవాలా అనే ఆలోచన పట్టుకుంది.

గుర్రం ఎక్కమంటే ఆయన రాడు. అందుకని, ఎక్కొద్దు, మీరు నడుస్తున్నది ఎవరి నడకో ఒకసారి చూడండి చాలు అంది. టీవీకి కూడా దీనికి బదులు దొరకలేదు. కారెక్కాడు.

కస్తూరి అప్పటికే కొత్త నాడా వేయించుకుని మెల్లగా నడుస్తోంది. అయినా తల లేస్తూనే ఉంది. సన్యాసిరావు కర్ర ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత దాని పక్కన తనూ నడిచాడు. కంచె పొడుగునా రెండు తలలూ ఒక్కసారే లేచి ఒక్కసారే దిగాయి. ఆ చివరికి వెళ్ళి ఆగి, కోడలి వైపు తిరిగాడు. ఇన్నాళ్ళకి ఆమెతో మాట్లాడాడు.

"దీనికి నొప్పేటమ్మా?"

"అవును మావయ్యా."

"ఎప్పుటుంచి?"

"మీరు నడవకముందు నుంచి."

ఆయన గుర్రం ముఖం వైపు చూడలేకపోయాడు. చెయ్యి చాపి మెడ తట్టి, ఆ రెండోదాని మీద తనని ఎక్కించమన్నాడు.

ఎక్కించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. ఎక్కాక భీముడు రాయిలా నిలబడ్డాడు. సన్యాసిరావు పోర్టులో కూలీల మీద వాడిన తిట్లన్నీ వాడాడు. లోడెత్తిన క్రేను కూడా ఇంత సతాయించలేదన్నాడు. ఎడమ వైపు కూర్చోమంది పర్వీన్. "అటేపు నాకేటీ నేదమ్మా," అన్నాడాయన. గొంతులో తిట్టు లేదు. పక్షవాతం వచ్చిన రోజునుంచీ ఆ పక్క ఖాళీయే అనుకుంటున్నాడు. మెషీను కూడా ఆయన్ని అటు వెళ్ళమని ఏనాడూ అడగలేదు. ఈ గుర్రం అడుగుతోంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, గోతిలోకి దిగేవాడిలా మెల్లగా ఎడమకి ఒరిగాడు. పడలేదు. కింద ఏదో ఆనింది. భీముడు ఒక అడుగు వేశాడు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ సరుగుడు తోటలోనే గడిచాయి. వరహాలరావు ఒక్కసారీ రాలేదు. ఆసుపత్రి వాళ్ళకి ఏవో సాకులు చెప్పి ప్రదర్శన వాయిదా వేస్తూ వచ్చాడు. ఇంక వెయ్యడం కుదరదనగా, తండ్రిని వెంటబెట్టుకుపోదామని తోటకే వచ్చాడు.

అతను వచ్చేసరికి సన్యాసిరావు అప్పుడే గుర్రం దిగాడు. కర్ర అందుకుని కొడుకు వైపు నడవడం మొదలుపెట్టాడు. గడ్డం లేవలేదు. కానీ ఎడమ పాదం పూర్తిగా పైకి లేవక ఇసుకలో గీత గీస్తూ వస్తోంది. ప్రతి అడుగుకీ ఆగి, దాని మీద బరువు వేసి, అది మోస్తుందని నమ్మకం కుదిరాకే రెండోది వేస్తున్నాడు. మునుపు వీధిలో చకచకా తిరిగిన మనిషి ఇప్పుడు కంచె దాటడానికే ఆపసోపాలు పడుతున్నాడు.

వరహాలరావు ముఖం ఎర్రబడింది. భార్య వైపు తిరిగాడు. "ఇదా నువ్వు బాగుచేసింది? ఇంతకన్నా బాగా నడిచేవాడు కదా."

సత్యవేణి నోరు తెరవబోయింది. ఈ వాదన ఎన్నిసార్లు చెయ్యాలో అనిపించి ప్రాణం ఉసూరుమంది. ఈలోగా మావగారే దగ్గరికి వచ్చేశాడు. ఆయాసం తీర్చుకోవడానికి కర్ర మీద వాలాడు.

"అది గుర్రం కుంటురా వరహాలూ. దానికి నొప్పెడితే నాను ఊరేగినాను. ఈ కుంటు నాది. ఎంత నెమ్మదైనా నా కాలే మోస్తంది నన్ను."

వరహాలరావు తండ్రి మోకాలి వైపు చూశాడు. కుడి మోకాలి వాపు తీసింది. అతను పక్కకి వెళ్ళి ఆసుపత్రికి ఫోను చేశాడు. ప్రదర్శన లేదనీ, మెషీన్లు ఇవ్వడం లేదనీ చెప్పాడు. అవతల వాళ్ళు ఎందుకని అడిగినట్టున్నారు. "మా నాన్న ఒప్పుకోవడం లేదండీ," అన్నాడు చిరాగ్గా.

సన్యాసిరావు అప్పటికే కారు వైపు బయల్దేరాడు. కారు చాలా దూరంలో ఉంది. కొడుకు వెళ్ళి ఆయన ఎడమ పక్కన, ఆయన అడుగు పడేదాకా తన అడుగు వెయ్యకుండా నడవసాగాడు.